మేట్రనమ్మ కోసం శుక్రవారం ఉపవాసం

నంద్యాల,
11 జూన్ 1978.

చిరంజీవి తమ్ముడు మత్తయికి,

అక్క ప్రేమకుమారి రాస్తున్నది. నేను ప్రాణంతో ఉన్నాను, క్షేమం సంగతి కింద రాస్తాను. నువ్వు, అరుణకుమారి, పెద్దమ్మ బాగున్నారని తలుస్తాను. మోకాళ్లకు పంపిన నూనె పెద్దమ్మ మోకాళ్లకే రాస్తోందా, లేక తలకు పెట్టుకుంటోందా? అమ్మ పోయాక మనల్ని సాకిన మనిషి కాబట్టి గట్టిగా అనలేము, నువ్వే కనిపెట్టి చూడు.

జవాబు ఆలస్యమైంది. ఇన్లాండ్ కవరు కొని చాలా రోజులైంది, అది నా సంచిలోనే తిరుగుతోంది. రాయడానికి కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి గుమ్మంలో నిలబడతారు. దూది అయిపోయింది. పంపు చెడిపోయింది. వంటామె అలిగింది. ఒక నర్సుకు పెళ్లిచూపులట, సెలవు కావాలి. ఇంతకుముందు మేట్రన్‌గా ఉన్న దొరసానమ్మ తన దేశం వెళ్లిపోతూ నా చేతిలో తాళాలు పెట్టి నిన్ను దేవుడే ఏర్పరచుకున్నాడని చెప్పినప్పుడు నేనూ పొంగిపోయాను. నర్సులందరికీ పెద్ద అయిన మేట్రన్ పని మనవాళ్లలో మొదట నాకే వచ్చిందని నువ్వు ఆళ్లగడ్డంతా మిఠాయి పంచావు. వార్డులో నర్సుగా ఉన్నన్నాళ్లు సాయంకాలానికి కాళ్లు పీకేవి గానీ మనసు తేలిగ్గా ఉండేది. ఇప్పుడు కాళ్లు పీకవు, నిద్ర పట్టదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగదు.

నీకొక్కడికే చెబుతున్నాను. మొన్న దుప్పట్లు చూద్దామని గుడ్డల గదిలోకి వెళ్లి, లోపల గడియ పెట్టుకుని, మూటల మధ్య చతికిలబడ్డాను. బయట పిలుస్తున్నారు. పలకలేదు. లేద్దామంటే లేవలేకపోయాను. రోగమేమీ కాదు, రోగమైతే నాకు తెలుస్తుంది. నాకు ఈ పెత్తనం వద్దు, అంతే.

బండి ఆత్మకూరులో మా ఆసుపత్రి వాళ్లదే చిన్న దవాఖానా ఉంది. అక్కడ నర్సు లేదు. కాన్పులు చూసుకుంటూ, కట్లు కట్టుకుంటూ బతికేస్తాను, నన్ను అక్కడికి పంపమని కమిటీ చైర్మన్ ఇమ్మానుయేలు గారిని అడగబోతున్నాను. ఈ బరువు నా నెత్తిమీద నుంచి దిగేటట్టు ప్రార్థన చెయ్యి. ఎవరికీ చెప్పొద్దు. గుడిలో సంఘపెద్దవు, నీ కడుపులో మాట నిలుస్తుందని నమ్మి రాస్తున్నాను.

నీ అక్క,
ప్రేమ


ఆళ్లగడ్డ,
20 జూన్ 1978.

ప్రియమైన అక్కకు తమ్ముడు మత్తయి వందనములు.

నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం మానేశాను. అరుణ కూడా మానేసింది గానీ కాసేపయ్యాక తిన్నది. పెద్దమ్మకు సంగతి చెప్పకుండా, అక్కకు పని ఎక్కువగా ఉందట అని ఊరుకున్నాను. నూనె మోకాళ్లకే రాస్తోంది.

నీ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఆదివారం ఆరాధనలో ప్రార్థన అవసరతలు చెప్పే వేళ లేచి, పేరు ఎత్తకుండా, నంద్యాలలో పెద్ద బాధ్యతలో ఉండి నలిగిపోతున్న ఒక సహోదరి కోసం అని మాత్రం అన్నాను. గుడి నుంచి వచ్చాక అరుణ నన్ను నిలబెట్టి అడిగింది, “నీకు నంద్యాల్లో ఎంతమంది అక్కలుండారు?” అని. అప్పటికే ఆలస్యమైపోయింది. మన వీధి చివరింటి జీవమ్మ, ఆడవాళ్ల ప్రార్థన కూటానికి పెద్ద, పెద్దమ్మ పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది.

ఇందులో సిగ్గుపడేది ఏముంది అక్కా? ఇంతమంది నిన్ను తలుచుకోవడం ఎందరికి దొరుకుతుంది? ఇకమీదట ప్రతి శుక్రవారం ఆడవాళ్లు నీ కోసం ఉపవాసం ఉంటారు. నేనూ ఉంటాను. బరువు దించమని కాదు, మోసే బలం ఇమ్మని అడుగుతున్నాం. దించమని అడిగితే ఇచ్చిన దేవుణ్ని కాదన్నట్టు అవుతుందని పాస్టరు గారు చెప్పారు. నాకూ అదే సబబుగా తోచింది.

నేనూ బడికి హెడ్మాస్టరునే కదా, ఇద్దరు టీచర్లకూ ఒక నల్లబల్లకూ. నాకు తెలిసింది చెబుతాను. పొద్దున లేవగానే ఒక కీర్తన చదువు. కోపం వచ్చినప్పుడు నీళ్లు తాగు. అందరితో నవ్వు మొహంతో మాట్లాడు, పని దానంతట అదే సాగుతుంది.

మన వీధి ఓబులమ్మ కూతురు టెన్త్ పాసయింది. మత్తయి సారు అక్క మాదిరి నర్సునవుతానని పట్టుపట్టింది. నువ్వు చేస్తున్నది ఒక ఆసుపత్రి పని మాత్రమే కాదు, అది మరిచిపోవద్దు.

విశ్వాసంలో నీ తమ్ముడు,
మత్తయి


నంద్యాల,
9 జూలై 1978.

సంఘపెద్ద మత్తయి గారికి,

కడుపులో మాట బాగా దాచావు. కోపంతో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే కోపం వల్లనే అనుకో.

పోయిన వారం మీ ఆళ్లగడ్డ ఆడవాళ్లు కాళ్లనొప్పులకు చీటీ రాయించుకుని ఓపీకి వచ్చారు. ముందర జీవమ్మ. నేను సిరంజీలు ఉడికాయా లేదా చూడటానికి పోతుంటే వరండాలో అడ్డం నిలబడింది. “తల వంచు తల్లీ, నీ కోసరం పస్తులుంటాండాం” అన్నది. రోగులు, నర్సులు, కాంపౌండరు అందరూ చూస్తుండగా నా టోపీ మీద చేతులు పెట్టి, ఈమె నలిగిపోతోంది ప్రభువా, ఈమెకు నిద్ర లేదు ప్రభువా అని నా సంగతులన్నీ ఏకరువు పెట్టారు. మేట్రన్‌కు నిద్రలేదని మా నర్సులకు తెలియదు, మత్తీ. ఇప్పుడు తెలుసు. నా ముందు గుసగుసలు మానేస్తారు, నేను దాటగానే మొదలుపెడతారు.

ఇంతకన్నా పెద్దది ఇంకొకటి. సోమవారం ఇమ్మానుయేలు గారు వచ్చారు. నేను రాసిపెట్టుకున్న కాగితం చేతికిచ్చాను, నన్ను మేట్రన్ పని నుంచి తప్పించి బండి ఆత్మకూరు పంపమని. ఆయన విప్పలేదు. చొక్కా జేబులో పెట్టుకుని, “మీ కోసరం ఆళ్లగడ్డంతా ఉపవాసం ఉంటాండారంట గదమ్మా, ఇంగ మీకేం భయం” అని, అక్కడికక్కడే మోకరించారు. ఆయన పెద్దాయన, మోకరిస్తే నేను నిలబడి ఉండగలనా? నేనూ మోకరించాను. మనం పుట్టినప్పటి నుంచి నేర్చుకున్నదే కదా, ప్రార్థన జరుగుతుంటే నోరెత్తకూడదు. ఆయన చాలాసేపు చేశారు. ఈ నీ దాసురాలిని ఈ స్థలంలోనే స్థిరపరచు, ఈమె ఇక్కడే నీ పని ముగించేటట్టు చెయ్యి అన్నారు. చివర ఆమెన్ అన్నారు. నేనూ ఆమెన్ అన్నాను. అనకుండా ఎట్లా ఉంటాను? ఆయన లేచి మోకాళ్లు దులుపుకుని, ఒప్పుకున్నందుకు సంతోషమని వెళ్లిపోయారు. కాగితం ఆయన జేబులోనే పోయింది.

రాజీనామా ఇవ్వబోయి నేను ఉండిపోతానని దేవుని ముందు ఒప్పుకున్న మనిషిని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. నవ్వు వస్తోంది, ఏడుపూ వస్తోంది. నువ్వు ఇమ్మానుయేలు గారికి రెండు ముక్కలు రాయి. మా అక్క చాతగాక అడుగుతోంది, వదిలిపెట్టండి అని. నువ్వు రాస్తే వింటారు. కీర్తన చదువుతున్నాను. నీళ్లూ తాగుతున్నాను.

నీ అక్క


ఆళ్లగడ్డ,
18 జూలై 1978.

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరమూ ఇమ్మానుయేలు గారి కార్డూ శనివారం ఒకే పూట అందాయి. నీది తీరిగ్గా చదువుదామని పక్కన పెట్టి, ఆయన కార్డు ముందు చదివాను. మీ సోదరి మోకరించి తన్నుతాను అప్పగించుకున్నారు, మీ సంఘం ప్రార్థన ఫలించింది అని రాశారు. ఆదివారం గుడిలో అది చదివి వినిపించాను. జీవమ్మ పాట ఎత్తుకుంది, అందరూ అందుకున్నారు. పెద్దమ్మ సంతోషం పట్టలేక ఏడ్చింది.

తర్వాత నీ ఉత్తరం చదివాను. అక్కా, కోపంలో రాసినట్టున్నావు. నువ్వు ఆమెన్ అన్నావు కదా. నోరు అన్నది మనసుకు తెలియకుండా ఉంటుందా? నీ మనసులో ఇష్టం ఉంది, ఒళ్లు అలిసిపోయి అడ్డం పడుతోంది. అలుపు పోతుంది. చాతగాదని నేను ఆయనకు రాయలేను. చదివి వినిపించిన కార్డు మీద ఆమెన్ అన్నవాళ్ల మొహాలు నేను చూశాను. వాళ్ల ముందు రేపు నేనేమని నిలబడాలి?

క్రిస్మస్‌కు ముందు ఇక్కడ కృతజ్ఞతా కూటం పెట్టాలని అనుకుంటున్నారు. నువ్వు వచ్చి, దేవుడు నీకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి. తెల్లచీరలో రా, పిల్లలు చూడాలి.

వర్షాలు లేవు. వేరుశనగ విత్తినవాళ్లు ఆకాశం వైపు చూస్తున్నారు. అరుణ నీకు వందనాలు చెప్పమన్నది. నిద్రకు గసగసాల పాలు తాగమన్నది.

నీ తమ్ముడు,
మత్తయి


నంద్యాల,
27 ఆగస్టు 1978.

మత్తయికి,

ఇన్నాళ్లూ రాయలేదు. నీ మీద అలిగి కాదు, రాస్తే ఏం ప్రయోజనమని.

ఇప్పుడు రాయక తప్పడం లేదు. శుక్రవారం, మీరంతా నా కోసం పస్తులుండే రోజే, ఆడవాళ్ల వార్డులో ఒక నర్సు రాలేదు. ఇంకొకరిని పంపొచ్చు. వాళ్లు సరిగా చేయరని నేనే ట్రే పట్టుకుని దిగాను. సిరంజీలో మందు ఎక్కించుకుని ఒక ముసలామె జబ్బ పట్టుకున్నాను. ఆమె నా మొహం చూసి మెల్లగా, “అమ్మా, నాకు సూది పొద్దున్నే ఏసినారు గదా” అన్నది. ఆ మందు పక్క మంచం ఆమెది. ముసలామె గుండె జబ్బు మనిషి. అడగకపోయి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు, నీకు తెలియదు. నర్సుగా చేరిన నాటి నుంచి నా చేతిలో తప్పు జరగలేదని నాకు గర్వం. ఆ చెయ్యి మంచం పట్టీ మీద పెట్టుకుని నిలబడ్డాను. వెనక నుంచి మా సీనియర్ నర్సు రామేశ్వరమ్మ వచ్చి ట్రే తీసుకుంది. నేను, నా ట్రే ముట్టుకోవడానికి నువ్వెవరని వార్డంతా వినేటట్టు అరిచాను. ఆమె ట్రే అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

నాకు నేనంటేనే భయంగా ఉంది మత్తీ. దొరసానమ్మ అరిస్తే వెనక్కి తిరిగి తిట్టుకున్నదాన్ని, ఆమె కంటే ఎక్కువ అరుస్తున్నాను. అటు కమిటీ కదలనివ్వదు, ఇటు మీ సంఘం. మీరు బలం కోసం ప్రార్థించే కొద్దీ, బలం వచ్చిందనుకుని వీళ్లు ఇంకో పని తెచ్చి పెడతారు. నర్సింగ్ స్కూలు కూడా నన్నే చూడమన్నారు ఈ నెల నుంచి.

ఒక్కటి అడుగుతున్నాను. మీ ప్రార్థనల్లోంచి నా పేరు తీసెయ్యండి. దేవుని మీద విసుగుతో కాదు. నన్ను మరిచిపోతే ఈ మనుషులు నన్ను వదులుతారేమో అన్న ఆశతో.

ప్రేమకుమారి


ఆళ్లగడ్డ,
12 సెప్టెంబరు 1978.

అక్కా,

నీ ఉత్తరం అందిన నాడు నాకు చాలా కష్టం వేసింది. మా అక్క విశ్వాసం చల్లారిపోయిందనుకున్నాను. నీ మాట ప్రకారం ఆదివారం నీ పేరు చదవలేదు. గుడిలో కలకలం పుట్టింది. ప్రార్థనలోంచి ఒక పేరు పోయిందంటే ఆ మనిషి బాగుపడి అయినా ఉండాలి, పోయి అయినా ఉండాలి. జీవమ్మ నా దగ్గరికి వచ్చి, ఈ రెండిట్లో ఏదో చెప్పమన్నది. ఏదో నాకే తెలియదు. అందుకే గురువారం బడికి సెలవు పెట్టి నంద్యాల బస్సెక్కాను.

నీకు ఈ సంగతి తెలియదు. నేను మీ ఓపీ వరండాలో బెంచీ మీద పొద్దున నుంచి మధ్యాహ్నం దాటేదాకా కూర్చున్నాను. నువ్వు నా ముందు నుంచి పోతూనే ఉన్నావు, వస్తూనే ఉన్నావు. ఒకసారి లేచి నిలబడ్డాను. నువ్వు నా మొహం వైపే చూసి, “లైన్లో కూచో నాయనా, డాక్టరమ్మ వస్తాది” అన్నావు. నేను కూర్చున్నాను. నువ్వు నన్ను పోల్చుకోలేదక్కా. నీ బుగ్గలు లోపలికి పోయాయి. నీ చెయ్యి వణకడం బెంచీ మీది నుంచే కనిపించింది. ఆ కాసేపట్లో నాకు తెలిసిపోయింది, నువ్వు రాసినవన్నీ రాసినట్టే నిజమని. నేనే వాటిని గుడి భాషలోకి మార్చుకుని చదివాను. నేను అడిగిన బలం నీ కోసం కాదు, మేట్రనమ్మ తమ్ముడిగా నిలబడే నా కోసం. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

కానీ ఇంకొకటి కూడా చూశాను, అదీ రాస్తాను. తిట్టుకో. ఒక అమ్మాయి దూది కోసం నీ వెంట మూడు గదులు తిరిగింది. రామేశ్వరమ్మ అంటే ఆ పొట్టి ఆమేనని పిలుపును బట్టి పోల్చుకున్నాను. ఏ రోగికి ఏం కావాలో ఆమెకు తెలుస్తూనే ఉంది. అయినా ప్రతిదానికీ నీ దగ్గరికి వచ్చి నిలబడుతోంది, నువ్వు ఊ అనేదాకా చేతులు కట్టుకుని. నువ్వు ఆమెకు ఊ చెప్పి, మళ్లీ వెళ్లి ఆమె చేసింది సరిచూస్తున్నావు. నిన్ను కట్టేసింది కమిటీ ఒక్కటే కాదు. తాడు ఒక కొస నీ చేతిలోనే ఉంది.

నిన్ను పలకరించకుండా వచ్చేశాను. పలకరిస్తే ఏడుస్తానేమోనని. దసరా సెలవుల్లో ఇక్కడికి వచ్చి కొన్నాళ్లు ఉండు.

మత్తయి


నంద్యాల,
20 సెప్టెంబరు 1978.

మత్తయికి,

తోడబుట్టినవాడివి వచ్చి దొంగమాదిరి చూసి పోతావా? పలకరిస్తే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా? నీకు అన్నమైనా పెట్టేదాన్ని కదా. కీర్తనలు చదవమని చెప్పే నోటితో ఇప్పుడు తాడు నా చేతిలోనే ఉందంటున్నావు. ఎవరి వల్ల నా గుట్టు వరండాకెక్కిందో మరిచిపోయినట్టున్నావు.

నీ ఉత్తరం చించేశాను. సాయంత్రం ముక్కలు ఏరి గంజితో అతికించి మళ్లీ చదివాను.

నీకు తెలియని మాట ఒకటుంది. ఈ నెల మొదట్లో ఇమ్మానుయేలు గారిని మళ్లీ అడిగాను. ఆయన, సరే అమ్మా, మీరు పోతే ఇది ఎవరు చూస్తారో చెప్పండి అన్నారు. నేను వెంటనే ఎవరూ లేరండీ అన్నాను. చెప్పుకోవడానికి గొప్పగా ఉందిలే అప్పుడు. రామేశ్వరమ్మ అదే గదిలో దుప్పట్లు మడతపెడుతోంది. చైర్మన్ గారు, మరి దేవుని చిత్తం అదేనేమో అని కళ్లు మూసుకున్నారు. మిగిలింది నీకు తెలుసు, నేను ఆమెన్ అన్నాను.

దసరాకు రాలేను. స్కూలు పిల్లలకు పరీక్షలు, స్టోరు లెక్క చూసుకోవాలి, కాన్పుల వార్డుకు సున్నం వేయించాలి. నేను గేటు దాటితే ఏదో ఒకటి కూలుతుంది. ఎట్లా రమ్మంటావు?

అక్క


తంతి
ఆళ్లగడ్డ, 7 అక్టోబరు 1978.

పెద్దమ్మకు సీరియస్. వెంటనే బయలుదేరు. మత్తయి.


నంద్యాల,
29 అక్టోబరు 1978.

అబద్ధాలకోరు తమ్ముడికి,

నీ ఇంట్లో జరిగింది నీకే రాయడం ఎందుకు గానీ, కోపం పూర్తిగా దిగలేదు కాబట్టి రాస్తాను. బస్సులో శిరివెళ్ల దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. తాళాల గుత్తి రామేశ్వరమ్మ చేతిలో పడేసి, చైర్మన్ గారికి కబురు పెట్టి, కట్టుచీరతో పరుగెత్తుకొచ్చాను. వచ్చేసరికి సీరియస్ పెద్దమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. “ఏందే, ఇట్ల పుల్ల మాదిరి అయిపోయినావ్? ఈడ కూచో” అన్నది. గుడిలో ప్రభు భోజనం నాడు ద్రాక్షరసం పాత్ర పట్టే చేత్తో నువ్వు ఆ తంతి ఎట్లా రాశావో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ రోజు నీ వీపు మీద దెబ్బ గట్టిగానే పడిందని అరుణ చెప్పింది. బాగా అయింది.

తర్వాత ఏమైందో నాకు సరిగా తెలియదు, మంచం మీద వాలింది మాత్రం గుర్తుంది. మర్నాడంతా నిద్రపోయానట. ఆ తర్వాత కూడా తినడం, పడుకోవడం తప్ప వేరే పని చేయలేదు. బస్టాండుకు పోదాం పద అంటే నువ్వు సైకిలు గాలి తీసేసి కూర్చున్నావు.

వారం దాటాక తిరిగి వచ్చాను. గేటు దగ్గర ఎవరైనా పరుగెత్తుకొస్తారనుకున్నాను. ఎవరూ రాలేదు. ఓపీ నడుస్తోంది. సిరంజీలు ఉడుకుతున్నాయి. కాన్పుల వార్డుకు సున్నం కూడా వేశారు. రామేశ్వరమ్మ తాళాల గుత్తి విప్పి ఏ వార్డు తాళం ఆ వార్డు నర్సుకే ఇచ్చేసింది. దూదికి ఎవరూ ఎవరి వెంటా తిరగడం లేదు. సంతోషించాల్సింది పోయి నా చెంప మీద ఎవరో కొట్టినట్టయింది. నేను లేకపోతే కూలుతుందని చెప్పుకుని ఇన్నాళ్లు నన్ను నేను చంపుకున్నాను, ఒక్క పెంకు కూడా జారలేదు. గదిలోకి పోయి చాలాసేపు ఏడ్చాను. ఏడుపు అయిపోయాక ఆకలి వేసింది.

ఇమ్మానుయేలు గారు మరుసటి వారం వచ్చారు. పెద్దమ్మ ఎలా ఉందని అడిగారు. కోలుకుందండీ అన్నాను. నీ అబద్ధానికి నేనూ ఒక ముక్క అతికించాను. కొత్తగా రాసిన కాగితం ఇచ్చాను. ఆయన జేబు వైపు చెయ్యి పోనిచ్చి, ప్రార్థన చేద్దాం అని మోకరించబోయారు. ఈసారి నా కాళ్లు వంగలేదు. “అయ్యా, ప్రార్థన ఎనక చేద్దాం. ముందు ఈ కాయితం చదవండి. అంతవరకు నేను కండ్లు మూసుకోను” అన్నాను. ఆయన సగం వంగినవారు అట్లాగే నిలబడిపోయారు. పెద్దాయనను అట్లా నిలబెట్టినందుకు నాకు బాధే. కానీ చదివారు. మళ్లీ అదే ప్రశ్న వేశారు, ఎవరు చూస్తారని. రామేశ్వరమ్మ అన్నాను. నేను లేనప్పుడు చూసింది ఆమేనని, నాకన్నా నెమ్మదైన మనిషని, ఆమెను పక్కన నిలబెట్టుకునే చెప్పాను. ఆమె నా వైపు చూడలేదు. ఆ రోజు అరిచిన అరుపు ఒక్క మాటతో పోదు, నాకు తెలుసు.

ఒప్పుకున్నారు. అయితే బండి ఆత్మకూరుకు ఎవరినో వేసేశారట, ఇక నాకు అక్కడ చోటు లేదు. ఆ దవాఖానాను తలుచుకునే ఇన్ని నెలలు గడిపాను, కాబట్టి ఆ మాట గుచ్చుకుంది. అదే కాంపౌండులో, అదే క్వార్టర్సులో, ఆడవాళ్ల వార్డు నర్సుగా నవంబరు ఒకటి నుంచి రామేశ్వరమ్మ కింద. ఆమె నాకు చెప్పిన మొదటి మాట, “అన్నం తిన్నాంకనే వార్డుకు రాండి. తినకుండా వస్తే ఎనక్కి పంపిస్తా.” ప్రేమతో అన్నదో, కసితో అన్నదో అడగలేదు. వెళ్లి తిన్నాను.

పెద్దమ్మకు ముద్దులు. నీకు లేవు.

ప్రేమ


ఆళ్లగడ్డ,
13 నవంబరు 1978.

ప్రియమైన అక్కకు,

నీ సంగతి చదివి అరుణ, నేను చాలా సంతోషపడ్డాం. ఆ సంతోషం ఇక్కడ ఎవరితోనూ పంచుకునే స్థితిలో లేను. ఎందుకో రాస్తాను.

ఇమ్మానుయేలు గారు మంచి మనసుతో మా పాస్టరు గారికి కార్డు రాశారట, మత్తయి గారి పెద్దమ్మ ప్రాణాపాయంలో ఉన్నారు, ప్రార్థించండి అని. అది ఎక్కడో తిరిగి తిరిగి ఈ నెల మొదట్లో అందింది. పాస్టరు గారు మా ఇంట్లో కనుక్కోకుండా నేరుగా 5వ తేదీ ఆదివారం గుడిలో ఎత్తుకున్నారు. పెద్దమ్మ మొదటి వరసలో చాప మీద కూర్చుని ఉంది. ప్రభువా, మరణపడకలో ఉన్న మా తల్లి మరియమ్మను లేవనెత్తు అని ఆయన కళ్లు మూసుకుని అంటుంటే, ఆమె తన పేరే ఉన్న ఇంకెవరో పాపం అనుకుని అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది. కళ్లు తెరిచాక అందరూ ఆమె వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు.

అది ప్రభు భోజనం ఇచ్చే ఆదివారం. అబద్ధం లోపల పెట్టుకుని పాత్ర పట్టుకోలేను. లేచి నిలబడి, తంతి నేనే ఇచ్చాను, పెద్దమ్మకు ఏమీ లేదు, మా అక్కను నాలుగు రోజులు పడుకోబెట్టడానికి వేరే దారి కనిపించలేదు అని చెప్పాను. అక్క బలం కోసం మనం చేసిన ప్రార్థన తప్పని కూడా చెప్పాను. అబద్ధాన్ని వాళ్లు క్షమించేవారేమో, ఈ మాటను క్షమించలేకపోయారు. సంఘపెద్ద పని నుంచి నన్ను నిలిపివేశారు. క్రిస్మస్ దాకా వెనక వరసలో కూర్చోవాలి.

పోతే పోయిందిలే అనుకున్నాను. కానీ ఇంత బాధగా ఉంటుందని తెలియదక్కా. గుడిలో పాత్ర పట్టుకునే చోటికి నా చేతులు వాటంతట అవే లేస్తున్నాయి. ఇంట్లో అయితే ఊపిరాడదు. సాయంత్రమయ్యేసరికి ఎవరో ఒకరు వస్తారు, నా తల మీద చెయ్యి పెడతారు, నేను మళ్లీ నిలబడే బలం ఇమ్మని అడుగుతారు, నన్ను ఆమెన్ అనమంటారు. కాదంటే విశ్వాసం పోయిందంటారు. బడిలో పిల్లల మీద అరుస్తున్నాను. నిద్ర రావడం లేదు. శుక్రవారం ఉపవాసం ఇప్పుడు నా కోసమట. జీవమ్మ చెప్పి పోయింది.

నీకు ఇన్నాళ్లు ఎట్లా ఉండిందో నాకు ఇప్పుడు తెలిసింది. నా కోసం ప్రార్థన చెయ్యమని అడగాలంటే కూడా భయంగా ఉంది.

నీ తమ్ముడు,
మత్తయి


నంద్యాల,
17 నవంబరు 1978.

మత్తీ,

ఈ ఆదివారం గుడికి పోవద్దు. పొద్దున మొదటి బస్సెక్కి ఇక్కడికి రా. ఆ రోజు నాకు సెలవు, రామేశ్వరమ్మను అడిగి తీసుకున్నాను. యాడికి పోతాండావని ఎవరైనా అడిగితే అక్క రమ్మన్నదని చెప్పు, అది అబద్ధం కాదు.

జొన్నరొట్టెలు చేస్తాను, గోంగూర పప్పు చేస్తాను. నువ్వేమీ మాట్లాడనక్కర్లేదు. తిని పడుకో. లేచేదాకా గడప మీద నేను కూర్చుంటాను, పాస్టరు గారు వచ్చినా లోపలికి రానివ్వను.

అక్క